ఋషికుల్య తాబేళ్ళు, చిలికా మొగ: కాపలా అందరిదీ, నిర్ణయం ఎవరిది?

నవంబర్ 1 వచ్చిందంటే ఒడిశా గంజాం తీరంలో మన తెలుగు జాలారి ఊళ్ళన్నిటిలో ఒకటే చర్చ. తాబేళ్ళని కాపాడ్డం కోసం చేపల వేట నిషేధం మొదలవుతుంది, మే 31 దాకా ఉంటుంది. బరంపురంలో ఉండే మనవాళ్ళు చాలామంది ఇదేదో అభయారణ్యం రూల్ అనుకుంటారు, ఒడ్డున ఉండేవాళ్ళు ఫారెస్టోళ్ళ రూల్ అంటారు, ఇంకొందరు రామ్‌సర్ రూల్ అంటారు. ఫిబ్రవరిలో లక్షల తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడుతుంటే ఆ వీడియోలు ఫోన్లనిండా తిరుగుతాయి, చూసినవాళ్ళందరికీ సంతోషం, అదే రోజుల్లో పక్క ఊళ్ళో బోట్లు ఇసుక మీద ఖాళీగా ఉంటాయి. ఆఫీసు భాషలో దీన్ని రక్షిత ప్రాంతాల్లో పర్యావరణ సేవల ఉమ్మడి నిర్వహణ అంటారు. పేరు బరువుగా ఉంది గానీ లోపల అడగాల్సినవి మూడే: ప్రకృతి ఇచ్చేది ఎవరికి చేరుతోంది, దాన్ని కాపాడే ఖర్చు ఎవరి మీద పడుతోంది, రూలు ఎవరు రాస్తున్నారు. మనకి దగ్గరగా ఉన్న రెండు చోట్లు, చిలికా సరస్సు, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు, పెట్టుకుని చూద్దాం.

## అభయారణ్యం, రామ్‌సర్, నిషేధ ప్రాంతం: మూడూ వేరువేరు

సగం గందరగోళం ఇక్కడే ఉంది కాబట్టి ముందు ఇది తేల్చుకుందాం.

అభయారణ్యం అంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతం. దాని లోపలికి వెళ్ళడం, వేటాడడం, ఏదైనా తీసుకురావడం, అన్నీ ఆ చట్టం ప్రకారమే. ఒడిశాలో సముద్రంలో అలాంటిది గహిర్‌మథ, కేంద్రపడా జిల్లాలో, 1997లో ప్రకటించారు, 1,435 చదరపు కిలోమీటర్లు. రామ్‌సర్ సైట్ అంటే తడి నేలల మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందంలోని జాబితాలో చోటు దక్కించుకున్న ప్రాంతం. చిలికా 1981లోనే అందులో చేరింది. అంతమాత్రాన చిలికా మొత్తం అభయారణ్యం అయిపోలేదు. సరస్సు వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటిపోతుంది, ఎండాకాలంలో 900 దగ్గరికి తగ్గుతుంది, అందులో అభయారణ్యం అంటే నలబన పక్షుల దీవి ఒక్కటే, 15 చదరపు కిలోమీటర్ల చిల్లర. మిగతాదంతా వేట జరిగే నీళ్ళే.

ఇక ఋషికుల్య ఈ రెండింటిలో ఏదీ కాదు. అక్కడ ఉన్నది ఏటా ఏడు నెలల వేట నిషేధం, అది కూడా 1982 నాటి ఒడిశా సముద్ర మత్స్య చట్టం కింద. ధమ్రా, దేవి, ఋషికుల్య, ఈ మూడు నదీ ముఖాల దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు నిషేధం. తాబేలుకి మాత్రం వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్ రక్షణ ఎక్కడున్నా ఉంటుంది, పులికి ఉన్నంత రక్షణ. అంటే ఒడ్డు మీద తాబేలు ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌ది, నీళ్ళలో బోటు ఫిషరీస్‌ది, సముద్రం లోపలికి పోతే కోస్ట్ గార్డ్ కూడా వస్తుంది. ముగ్గురి మధ్య జాలారి నిలబడి ఉంటాడు.

## ప్రకృతి ఇచ్చేవి చేపలొక్కటే కాదు

పర్యావరణ సేవలు అనే మాట 2005లో వచ్చిన మిలీనియం ఎకోసిస్టమ్ అసెస్‌మెంట్‌తో బాగా వాడకంలోకి వచ్చింది. వాళ్ళు నాలుగు రకాలు చేశారు. చేతికి దొరికేవి ఒకటి: చేప, రొయ్య, పీత, తాగే నీళ్ళు. ప్రమాదాన్ని అదుపు చేసేవి రెండోది: చిలికా లాంటి సరస్సు వరద నీళ్ళని పట్టుకోవడం, ఒడ్డున ఇసుక దిబ్బలు ఉప్పెన జోరు తగ్గించడం. మనసుకి, నమ్మకానికి, చూడ్డానికి సంబంధించినవి మూడోది: చిలికా మధ్యలో కాళిజాయి గుడి, ఇరవడ్డీ డాల్ఫిన్లని చూడ్డానికొచ్చే టూరిస్టులు. నాలుగోది మిగతా మూడూ నడవడానికి అడుగున జరిగే పని: నీళ్ళ అడుగున నాచుగడ్డిలో చేపపిల్లలు పెరగడం, మంచినీళ్ళు ఉప్పునీళ్ళు కలవడం.

ఈ లెక్కలో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. చేప ఎవరు పడితే వాళ్ళకే. తాబేలు బతికితే లాభం ప్రపంచం మొత్తానికి కొంచెం కొంచెం. వరద ఆగితే లాభం పల్లపు ఊళ్ళకి. డాల్ఫిన్ ఉంటే లాభం బోటు తిప్పేవాళ్ళకి, హోటలు వాళ్ళకి. ఒక్కో సేవకి లబ్ధిదారులు వేరు, కానీ వేట ఆపమని చెప్పినప్పుడు మాత్రం ఖర్చు అంతా ఒడ్డుకి దగ్గరగా ఉన్న కొన్ని ఊళ్ళ మీదే పడుతుంది. తగువులన్నీ అక్కడే మొదలవుతున్నాయి.

## ఉమ్మడి అంటే ఎంతవరకు ఉమ్మడి?

ఊళ్ళో ఒక కమిటీ పెట్టి బోర్డు కడితే ఉమ్మడి నిర్వహణ అయిపోయినట్టు రిపోర్టుల్లో రాసేస్తారు. నిజానికి ఇందులో మెట్లున్నాయి. అన్నిటికంటే కింద మెట్టు, రూలు ముందే రాసేసి ఊరికొచ్చి చదివి వినిపించడం. దాని పైన, రాసేముందు ఊరివాళ్ళని అడగడం, అడిగాక మాట తీసుకోవచ్చు తీసుకోకపోవచ్చు. ఇంకా పైన, ఇద్దరూ కూర్చుని రాయడం, ఒకరు ఒప్పుకోకపోతే రూలు పాస్ కాకపోవడం. పై మెట్టు, రూలు రాసే హక్కు, పట్టుకునే హక్కు, అమ్ముకునే హక్కు ఊరి చేతికే ఇచ్చి ప్రభుత్వం పక్కన నిలబడడం.

ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడకి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది ఈ విషయం మీద పనిచేసినందుకే. చెరువులు, అడవులు, చేపల నీళ్ళు లాంటి ఉమ్మడి ఆస్తుల్ని జనం తమంతట తాము తరతరాలుగా నడుపుకున్న చోట్లని చూసి, అలా నిలబడినవాటిలో ఏం కామన్‌గా ఉందో ఆవిడ చెప్పారు. ఎవరికి హక్కుందో హద్దు తెలిసి ఉండాలి, రూలు ఎవరి మీద పడుతుందో వాళ్ళకి దాన్ని మార్చే మాట ఉండాలి, కాపలా కాసేవాళ్ళు ఊరికి జవాబు చెప్పాలి, తప్పు చేస్తే మొదట చిన్న శిక్ష తర్వాత పెద్దది, తగువు వస్తే తీర్చడానికి దగ్గర్లో ఖర్చులేని చోటు ఉండాలి, పైనున్న ప్రభుత్వం ఊరి హక్కుని గుర్తించాలి. ఈ కొలత పట్టుకుని చిలికా, ఋషికుల్య చూస్తే విషయం చాలావరకు విడిపోతుంది.

## చిలికాలో మొగ తెరిచాక

చిలికా కథ చాలామందికి సగమే తెలుసు. మహానది పాయలు తెచ్చే ఒండ్రుతో సరస్సు మేట వేస్తూ వచ్చింది, సముద్రంతో కలిపే మొగ దూరం జరిగి పూడుకుపోయింది, ఉప్పునీళ్ళు రాక మంచినీటి కలుపు కమ్మేసింది, చేప పడిపోయింది. మొగ పూడితే చేప లోపలికి రాదని జాలారికి ఎవరూ నేర్పక్కర్లేదు. 1993లో రామ్‌సర్ వాళ్ళు చిలికాని ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పెట్టారు, దాని పేరు మాంట్రే రికార్డ్. అప్పటికే 1991లో చిలికా డెవలప్‌మెంట్ అథారిటీ పెట్టారు. మోడల్ స్టడీలు చేసి 2000 సెప్టెంబర్‌లో సిపకుద దగ్గర కొత్త మొగ తవ్వారు, దాంతో నీళ్ళు సముద్రంలోకి పోయే దారి సుమారు 18 కిలోమీటర్లు తగ్గింది.

ఫలితం కళ్ళకి కనిపించింది. 1999-2000లో సుమారు 1,750 టన్నులున్న చేపల దిగుబడి 2001-02 వచ్చేసరికి సుమారు 12,000 టన్నులు. దగ్గర దగ్గర ఏడు రెట్లు. 2002లో చిలికా ఆ ప్రమాద జాబితా నుంచి బయటికొచ్చింది, ఆసియాలో అలా బయటపడ్డ మొదటి సరస్సు ఇదే, అదే ఏడాది రామ్‌సర్ అవార్డు కూడా. ఇప్పుడు చలికాలంలో అక్కడ లెక్కకొచ్చే పక్షులు 11 లక్షల దాకా, డాల్ఫిన్లు సుమారు 150.

ఇంతవరకు అందరూ చెప్తారు. మొగ తెరవడం వల్ల నీళ్ళు బాగుపడ్డాయి, బాగుపడిన నీళ్ళు ఎవరివి అన్న తగువు మాత్రం తీరలేదు, అది అంతకుముందు నుంచే ఉంది. చిలికాలో వేట పాతకాలం నుంచి కులాల వారీగా, వల రకం వారీగా, చోటు వారీగా పంచుకుని ఉండేది. రొయ్య పట్టేవాళ్ళు ఒకరు, వెదురు తడికలు పాతి చేప కట్టేవాళ్ళు ఒకరు, మన తెలుగు మాట్లాడే నోలియాలు సముద్రం పక్క పెద్ద వలలతో. తర్వాత ప్రాథమిక మత్స్య సహకార సంఘాలకి నీళ్ళు లీజుకివ్వడం వచ్చింది. ఎప్పుడైతే రొయ్యకి విదేశాల్లో ధర వచ్చిందో అప్పుడు జాలారి కానివాళ్ళు కూడా డబ్బుతో దిగారు, 1991లో ప్రభుత్వం దొరికినది పట్టుకోవడాన్ని, కట్టడాల్లో పెంచి పట్టడాన్ని విడదీస్తూ కొత్త లీజు పాలసీ తెచ్చింది, దాని మీద పెద్ద ఉద్యమం నడిచింది, ఒక పెద్ద కంపెనీ రొయ్యల ప్రాజెక్టు వెనక్కి పోయింది. 1996లో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువుల కేసులో చిలికా, పులికాట్ సరస్సులకి వెయ్యి మీటర్ల లోపు రొయ్యల చెరువులు వద్దని చెప్పింది. అయినా ఆగలేదు. 1999 మే నెలలో సోరన దగ్గర జాలారుల మీద పోలీసు కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు.

ఆ రొయ్యల కట్టడాల్ని అక్కడ ఘేరి అంటారు. లోతు తక్కువ నీళ్ళలో వెదురుబొంగులు పాతి, సన్న కన్ను వల చుట్టూ కట్టి, లోపల రొయ్య పెంచుతారు. పక్కనుంచి చూస్తే చిన్న కంచె, అంతే. కానీ ఆ వల కన్ను ఎంత సన్నం అంటే వేలెడు చేపపిల్ల కూడా దాటదు, నీళ్ళ పారుదల తగ్గుతుంది, దారిన పోయే చిన్న పడవ చుట్టూ తిరిగి పోవాలి, డాల్ఫిన్‌కీ అదే గతి. అధికారులు వందల ఎకరాల్లో పీకేస్తారు, కొన్నాళ్ళకి బొంగులు మళ్ళీ లేస్తాయి. ఆస్ట్రమ్ చెప్పిన మొదటి మాటే ఇక్కడ తెగిపోయింది, ఎవరికి హక్కుందో హద్దు తెలియడం లేదు. అథారిటీ నీళ్ళ సైన్స్ చూస్తుంది, లీజులు వేరే శాఖల చేతుల్లో, ఘేరి వెనకున్న డబ్బు ఇంకెక్కడో.

మంగళజోడి మాత్రం వేరే దారి చూపించింది. చిలికా ఉత్తరం ఒడ్డున ఖుర్దా జిల్లాలో ఆ ఊరు ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్మేది. ఇప్పుడు అదే వేటగాళ్ళు కాపలా కాస్తూ, టూరిస్టుల్ని చిన్న పడవల్లో తిప్పి బతుకుతున్నారు. అక్కడ పని జరగడానికి కారణం సింపుల్, పక్షి బతికితే వచ్చే డబ్బు నేరుగా ఆ ఊరికే వస్తోంది.

## ఋషికుల్య: అభయారణ్యం కాని చోట కాపలా

ఋషికుల్య ముఖం దగ్గర తాబేళ్ళు సామూహికంగా గుడ్లు పెడతాయని సైంటిస్టులకి తెలిసింది 1994లో. ఊళ్ళకి అంతకుముందే తెలుసు. పురుణబంద, గోఖరకుద, పొడంపేట, ఈ ఊళ్ళల్లో ఎక్కువమంది తెలుగు మాట్లాడే జాలారులు. ఒకప్పుడు గుడ్లు తవ్వుకెళ్ళి తినేవాళ్ళు, అమ్మేవాళ్ళు. ఇప్పుడు అదే ఊళ్ళ కుర్రాళ్ళు రాత్రంతా ఒడ్డు కాస్తున్నారు, సొంతంగా తాబేళ్ళ రక్షణ కమిటీ పెట్టుకున్నారు, ఆ మార్పు ఏ చట్టం తెచ్చింది కాదు.

పని ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. ఒక్కో తాబేలు ఇసుకలో గొయ్యి తీసి నూటికి పైగా గుడ్లు పెట్టి, పైన ఇసుక కప్పి, సొంత బరువుతో అదిమి సముద్రంలోకి పోతుంది. నెలన్నర దాటాక రాత్రిపూట పిల్లలు పైకొస్తాయి, అరచేతిలో పట్టేంత. వెలుతురు ఎటుంటే అటు పోవడం వాటి స్వభావం, మామూలుగా అయితే చీకట్లో సముద్రమే మెరుస్తుంది కాబట్టి అటే పోవాలి. కానీ వెనకాల ఊళ్ళ లైట్లు, రోడ్డు లైట్లు, ఫ్యాక్టరీల లైట్లు ఉన్నాయి, పిల్లలు అటు తిరిగిపోతాయి, తెల్లారేసరికి ఎండకి ఎండిపోవడమో, కుక్కలు కాకులు తినేయడమో. అందుకని ఒడ్డు పొడవునా మోకాలెత్తు వల కంచె కడతారు, అడుగున ఇసుకలో పాతేస్తారు లేకపోతే కిందనుంచి దూరిపోతాయి. పిల్లలు కంచె దగ్గర పోగవుతాయి, వాటిని బకెట్లలోకి ఎత్తి నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి వదలాలి, మళ్ళీ రావాలి, మళ్ళీ ఎత్తాలి, తెల్లారేదాకా. బకెట్‌లో ఎక్కువ వేస్తే కింద పిల్లలు నలిగిపోతాయి కాబట్టి తొందరపడ్డానికి లేదు. ఈ పనిలో ఫారెస్ట్ సిబ్బంది ఉంటారు, ఊరి పిల్లలుంటారు, వేటకి పోలేక ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళూ ఉంటారు.

2024లో ఋషికుల్యలో సామూహికంగా గుడ్లు పెట్టనేలేదు. 2025 ఫిబ్రవరిలో దగ్గర దగ్గర 7 లక్షల తాబేళ్ళు వచ్చాయి, అక్కడ అప్పటిదాకా అంత ఎప్పుడూ లేదు. ఏడాదికేడాది ఇంత తేడా ఉంటుంది కాబట్టి ఒక సీజన్ చూసి నిషేధం పనిచేసిందనీ చెప్పలేం, పనిచేయలేదనీ చెప్పలేం.

## రోజుకి 71 రూపాయలు

నిషేధం వల్ల నష్టపోయే జాలారి కుటుంబానికి ప్రభుత్వం సాయం ఇస్తుంది. ఒకప్పుడు 7,500 రూపాయలుండేది, తర్వాత 15,000కి పెంచారు. రెట్టింపు అయింది కాబట్టి మంచిదే, కానీ లెక్క వేయండి. నవంబర్ 1 నుంచి మే 31 అంటే 212 రోజులు. 15,000ని 212తో భాగిస్తే రోజుకి 71 రూపాయల లోపు. కుటుంబంలో ఐదుగురుంటే మనిషికి 14 రూపాయలు.

అటువైపు వేట లెక్క ఊరికే ఉదాహరణకి అనుకుందాం. ఒక బోటు రోజుకి 4,000 రూపాయల చేప తెచ్చింది, డీజిలు, ఐసు, ఖర్చులు 1,500 పోగా 2,500 మిగిలింది, బోటుకీ వలకీ కలిపి రెండు వాటాలు, నలుగురు మనుషులకి నాలుగు, మొత్తం ఆరు వాటాలంటే మనిషికి 400 పైన. సముద్రం రోజూ పోనివ్వదు, నెలకి 15 రోజులే పోయాడనుకున్నా నెలకి 6,000 దాటుతుంది. సాయం నెలకి 2,150 కూడా రాదు. ఒడ్డున చేప కొని తట్టలో పెట్టుకుని బరంపురం తెచ్చి అమ్మే ఆడవాళ్ళ ఆదాయం ఈ లెక్కలో అసలు లేదు, సాయం కుటుంబానికి ఒక్కటే కదా.

మోటారు లేని సంప్రదాయ తెప్పలకి నిషేధంలో సడలింపు ఉందని చెప్తారు, నిజమే. కానీ ఇప్పుడు ఊళ్ళల్లో ఉన్నవి ఎక్కువ ఫైబర్ బోట్లు, వెనక మోటారు పెట్టినవి. 20 కిలోమీటర్లు దాటి వెళ్ళి వేటాడొచ్చు అంటే వలని నీళ్ళలో ఈడ్చుకుంటూ పోయే పెద్ద మర బోటుకి, అంటే ట్రాలర్‌కి, కుదురుతుంది, చిన్న ఫైబర్ బోటుకి పోను రాను డీజిలే చేపని తినేస్తుంది. తాబేళ్ళని ఎక్కువ చంపేది ట్రాలర్ వల, తాబేలు గాలి పీల్చడానికి పైకి రావాలి కదా, వలలో చిక్కి గంటలతరబడి అడుగునే ఉంటే ఊపిరాడక చచ్చిపోతుంది. కాబట్టి నష్టం ఎక్కువ చేసేవాడి కంటే తక్కువ చేసేవాడి మీద భారం ఎక్కువ పడుతోంది, నా బాధ అది.

## రెండు వైపులా ఉన్న వాదనలు

అధికారుల వైపు నుంచి చూస్తే వాళ్ళ మాటలోనూ బలం ఉంది. ఏ బోటు ఏ సైజో, మోటారు ఎన్ని హార్స్‌పవరో నడి సముద్రంలో రాత్రిపూట చూసి తేల్చడం కష్టం, అందుకని అందరికీ ఒకటే రూలు పెడితే అమలు తేలిక. ఉన్న సిబ్బంది తక్కువ, తీరం పొడవు. ఇంకో మాట, నిషేధం వల్ల ట్రాలర్లు ఒడ్డుకి దూరంగా ఉంటే ఆ నీళ్ళలో చేప కూడా పెరుగుతుంది, అది చివరికి చిన్న జాలారికే మేలు. ఎగుమతి సంగతి కూడా ఉంది: తాబేలు బయటికి పోయే పరికరం వలకి అమర్చడం లేదని అమెరికా 2019 నుంచి మన సముద్రంలో పట్టిన రొయ్యల్ని తీసుకోవడం ఆపింది, ఆ దెబ్బ దేశం మొత్తం మీద పడింది.

జాలారుల వైపు అడిగేది నిషేధం ఎత్తేయమని అందరూ కాదు. నెలలు తగ్గించమని కొందరు, గుడ్లు పెట్టే కొన్ని వారాలు గట్టిగా ఆపి మిగతా రోజులు చిన్న బోట్లని వదలమని కొందరు, తాబేళ్ళు గుంపుగా ఉన్న చోటు మాత్రమే మూసేయమని కొందరు. ఇది కుదిరే పనేనా? తాబేళ్ళ గుంపులు ఎటు కదులుతున్నాయో రోజూ చూసి చెప్పేవాళ్ళు కావాలి, ఆ సమాచారం అదే రోజు బోటు మీదున్నవాడికి అందాలి. ఆ పని చేయగలిగినవాళ్ళు సముద్రంలో రోజూ ఉండే జాలారులే, కానీ వాళ్ళనే సముద్రంలోకి రావద్దన్నాం. పర్యావరణం వైపు పనిచేసేవాళ్ళలోనూ దీని మీద ఒకే అభిప్రాయం లేదు, ఒకసారి సడలిస్తే ట్రాలర్లు ఆ సందులోంచి దూరతాయని భయపడేవాళ్ళు ఉన్నారు, ఆ భయం తీసిపారేయాల్సింది కాదు.

ఉమ్మడి కుటుంబంలో పని అందరూ చేసి తాళాలు ఒకరి దగ్గరే ఉన్నట్టుంది ఋషికుల్య పరిస్థితి. ఒడ్డు మీద పని నిజంగా ఉమ్మడి, కంచె దగ్గర ఎవరు డిపార్ట్‌మెంటో ఎవరు ఊరో తెలియదు. నీళ్ళలో రూలు మాత్రం పైనుంచే వస్తుంది.

అడవిలో అయితే చట్టం కొంత ముందుకెళ్ళింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెంఢా లేఖా అనే గోండు ఊరికి 2009లో 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు వచ్చింది, 2011లో వెదురు రవాణా పర్మిట్లు గ్రామసభే ఇచ్చుకునే అధికారం చేతికొచ్చింది. ఎంత వెదురు కొట్టాలి, ఎవరికి అమ్మాలి అనేది ఊరే తేల్చుకుంటుంది. సముద్రం మీద జాలారికి అలాంటి హక్కునిచ్చే చట్టం లేదు. 2002లో వన్యప్రాణి చట్టంలో కమ్యూనిటీ రిజర్వ్ అనే రకం చేర్చారు గానీ అది ఊరికో మనిషికో సొంతమైన నేల మీదే పెట్టగలం, సముద్రం ఎవరి సొంతమూ కాదు కాబట్టి అక్కడికి పనికిరాదు.

## ఒక సేవ కోసం చేసింది ఇంకో సేవకి అడ్డమైతే

చివరిగా ఒక చిక్కు, దీని గురించి తక్కువ మాట్లాడతారు. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, గంజాం వాళ్ళెవరికీ ఆ రాత్రి మర్చిపోవడం కుదరదు. గాలికి అడ్డంగా ఒడ్డున సరుగుడు తోటలు పెంచడం మన తీరమంతా ఉన్న అలవాటు, ఊరికి అది రక్షణ, కట్టెలు కూడా వస్తాయి. ఊరి లైట్లు కొంత మరుగుపడి తాబేలు పిల్లలకీ మేలే. కానీ సరుగుడుని అలల దాకా తెచ్చి నాటితే తాబేలుకి గొయ్యి తీసే ఖాళీ ఇసుక ఉండదు, ఎక్కి రావడానికి దిబ్బ వాలు ఉండదు. ఒక శాఖ తుఫాను రక్షణ పేరుతో నాటుతుంది, దాని లెక్క మొక్కల్లో. ఇంకో విభాగం తాబేళ్ళ లెక్క చూస్తుంది. పొడంపేట లాంటి చోట సముద్రం ఊరినే కోసుకుపోయింది, జనం వేరే చోటికి మారాల్సి వచ్చింది, అక్కడివాళ్ళకి చెట్టు వద్దని చెప్పడం ఎవరి తరం?

రెండూ కుదిరే దారి ఉంది, చెట్లని వెనక్కి నాటి ముందు ఇసుక వదలడం. ఎంత వెనక్కి అన్నదే ప్రశ్న. ఋషికుల్య మొగ ఒకచోట నిలబడదు, దాంతోపాటు తాబేళ్ళు ఎక్కే ఇసుక కూడా ఉత్తరానికో దక్షిణానికో జరుగుతుంటుంది, ఏ ఏడు ఎక్కడ ఎక్కాయో ఆ ఊళ్ళవాళ్ళకి వరసగా గుర్తుంటుంది. మ్యాప్ మీద ఒకసారి గీత గీసి వదిలేస్తే కొన్నేళ్ళకే అది తప్పవుతుంది కాబట్టి నాటేముందు ప్రతిసారీ ఫారెస్ట్ వాళ్ళూ ఊరివాళ్ళూ కలిసి ఒడ్డంతా నడిచి మేకులు పాతుకోవాల్సిందే.